పోటీలు లేని ఎనిమిది నెలలు: కయాకర్ సాధనపై ఒక సమీక్ష

స్ప్రింట్ కయాకింగ్‌లో ఏడాదికి అన్నిటికన్నా పెద్ద పోటీ ప్రపంచ చాంపియన్‌షిప్. అది ఎక్కువ సార్లు ఆగస్టులో ముగుస్తుంది. వరల్డ్ కప్ పోటీలు మళ్లీ మొదలయ్యేది మే నెలలో. మధ్యలో ఎనిమిది నెలల పైచిలుకు ఖాళీ. పందెం మాత్రం చాలా చిన్నది. టోక్యో ఒలింపిక్స్‌లో హంగేరీ ఆటగాడు బాలింట్ కోపాస్ ఒంటరి కయాక్ (కె-1) వెయ్యి మీటర్లను 3 నిమిషాల 20 సెకన్ల చిల్లరలో ముగించి స్వర్ణం గెలిచాడు. ఇంత చిన్న పందేనికి అంత పెద్ద ఖాళీలో ఎలా తయారవ్వాలి? ఎన్నాళ్లు విశ్రాంతి తీసుకోవాలి, ఎంత దూరం తెడ్డు వేయాలి, జిమ్‌లో ఎంత బరువు ఎత్తాలి? కోచ్‌ల మధ్య ఈ వాదన దశాబ్దాలుగా నడుస్తోంది. కొన్ని ముడులు విడిపోయాయి, కొన్ని ఇంకా బిగిసే ఉన్నాయి.

ముందు పందెం స్వభావం తెలియాలి. కయాకర్‌ని చూసినవాళ్లకు భుజాలు, వీపు, చేతులే కనిపిస్తాయి. ఇది కండబలం ఆట అనిపిస్తుంది. లెక్కలు వేరే మాట చెబుతున్నాయి. 1997లో అమెరికా పరిశోధకులు బర్న్స్, కెర్నీ వేసిన అంచనా ప్రకారం 200 మీటర్ల పందెంలో ఖర్చయ్యే శక్తిలో 37 శాతం ఆక్సిజన్ మీద ఆధారపడి పుడుతుంది. 500 మీటర్లకు అది 64 శాతం, వెయ్యి మీటర్లకు 82 శాతం. 2012లో జుహాల్ బృందం కొలిచినప్పుడు 500 మీటర్లకు 78 శాతం దాకా, వెయ్యికి 87 శాతం దగ్గరగా తేలింది. కొలిచే పద్ధతిని బట్టి అంకెలు కొంత అటూ ఇటూ అవుతాయి గానీ దిశ మారదు. నిమిషం దాటిన ఏ కయాక్ పందెమైనా చివరికి దమ్ము మీదే నిలబడుతుంది. ఆ దమ్ము ఏప్రిల్‌లో మొదలుపెడితే ఆగస్టుకి తయారయ్యే సరుకు కాదు. కండరాల్లో సన్నటి రక్తనాళాలు పెరగాలి, ఆక్సిజన్ వాడుకునే కణాంగాలు పెరగాలి, గుండె ఒక్కో దెబ్బకి తోడే రక్తం పెరగాలి. వీటికి నెలలు పడతాయి, గట్టి పునాదికైతే ఏళ్లు పడతాయి. బిర్గిట్ ఫిషర్ 1980లో మాస్కోలో పద్దెనిమిదేళ్ల వయసులో తూర్పు జర్మనీకి స్వర్ణం తెచ్చింది. 2004లో ఏథెన్స్‌లో నలభై రెండేళ్ల వయసులో నలుగురు నడిపే కె-4 పడవలో మళ్లీ స్వర్ణం గెలిచింది. మధ్యలో ఒకటికి రెండుసార్లు ఆట మానేసి తిరిగి వచ్చింది. చిన్నప్పటి నుంచి ఏటేటా పేర్చుకున్న పునాది లేకుండా అలాంటి పునరాగమనాలు ఊహించలేం.

అయినా ఒక దశాబ్దం పాటు శీతాకాలం అంతా జిమ్ వైపే ఒరిగింది. దానికి కారణం ఆట నియమాలే. 2012 లండన్ ఒలింపిక్స్‌కి పురుషుల 500 మీటర్ల పందేల స్థానంలో 200 మీటర్ల పందేలు వచ్చాయి. బ్రిటన్ ఆటగాడు ఎడ్ మెకీవర్ మొదటి విజేత. రియోలో ఆ దేశానికే చెందిన లియామ్ హీత్ గెలిచాడు. ముప్పయ్యారు సెకన్ల అటూ ఇటూగా ముగిసే పందెం, నిమిషానికి 150 దాటే తెడ్డు వేగం. అక్కడ బరువులు ఎత్తినవాడికి నిజంగానే లాభం ఉంది. చాలా దేశాల్లో కుర్రాళ్లు అక్టోబరు నుంచే బెంచ్ ప్రెస్ అంకెలు పెంచుకునే పనిలో పడ్డారు. 2024 పారిస్‌కి వచ్చేసరికి పురుషుల 200 మీటర్లను ఎత్తేశారు. పురుషుల కె-2, కె-4 పడవలు 500 మీటర్లకు వచ్చాయి. ఒలింపిక్ కార్యక్రమంలో 200 మీటర్లు మిగిలింది మహిళల ఒంటరి కనూ (సి-1)లో మాత్రమే. ఎనిమిది నెలల సాధనను ఏ దూరానికి తయారుచేయాలో నిర్ణయించేది పోటీల జాబితా. అది మారినప్పుడు కోచ్ పాత పుస్తకాన్ని పక్కన పెట్టాలి. ఇప్పటికీ చాలా క్లబ్బుల్లో 200 మీటర్ల కాలం నాటి అలవాట్లే నడుస్తున్నాయని నా అభిప్రాయం.

ఇక విశ్రాంతి సంగతి. సీజన్ ముగిశాక మనసుకీ ఒంటికీ విరామం కావాలన్న దాంట్లో ఎవరికీ పేచీ లేదు. ఎంత అన్నదే పేచీ. ఈ ప్రశ్నకు నేరుగా జవాబిచ్చిన పరిశోధన ఒకటుంది, దాన్ని ప్రతి కోచ్ చదవాలి. స్పెయిన్‌లో గార్సియా-పల్లారెస్ బృందం అగ్రశ్రేణి పురుష కయాకర్లు 14 మందిని సీజన్ చివర రెండుగా విడదీసింది. ఏడుగురు అయిదు వారాల పాటు సాధన పూర్తిగా ఆపేశారు. మిగతా ఏడుగురు వారానికి మూడు పూటలే చేశారు: ఒక పూట బరువులు, రెండు పూటలు దమ్ము పెంచే సాధన. పూర్తిగా ఆపినవాళ్ల గరిష్ఠ ఆక్సిజన్ వినియోగం పది శాతం పడిపోయింది. మూడు పూటలు చేసినవాళ్లకు అయిదు శాతం లోపే పడింది. మొదటి వర్గానికి ముందుకు సాగే వేగం కూడా తగ్గింది.

పది శాతం అంటే ఏమిటో కయాకర్‌ని అడగాలి. పై స్థాయిలో ఒక ఆటగాడు చలికాలమంతా కష్టపడి పెంచుకునేది కూడా ఇంచుమించు అంతే. అయిదు వారాలు పూర్తిగా పడుకుంటే, డిసెంబరు దాకా చేసే సాధన పోయినదాన్ని రాబట్టడానికే సరిపోతుంది. కొత్తగా చేరేది ఏమీ ఉండదు. ఈ ఒక్క విషయంలో నాకు సందేహం లేదు: పూర్తి విరామం వారం, పది రోజులకు మించకూడదు, ఆ తర్వాత వారానికి మూడు పూటలైనా సాగాలి. ఆ మూడు పూటలూ పడవలోనే ఉండక్కర్లేదు. పరుగు, ఈత, సైకిల్ ఏదైనా పనికొస్తుంది. తెడ్డు చూస్తేనే విసుగొచ్చే స్థితిలో ఉన్న పిల్లవాణ్ణి సెప్టెంబరులో పడవెక్కించడం వల్ల లాభం లేదు.

అసలు యుద్ధమంతా జరిగేది అక్టోబరు నుంచి మార్చి దాకా సాగే సాధనను ఎలా పేర్చాలన్న దాని మీద. సోవియట్ శిక్షణ శాస్త్రవేత్త లెవ్ మత్వేయెవ్ చూపిన పాత దారిలో అన్నీ కలిపే నడుస్తాయి. దమ్ము, బలం, వేగం, నైపుణ్యం ప్రతి వారంలోనూ ఉంటాయి. మొదట్లో దూరం ఎక్కువ, తీవ్రత తక్కువ. పోటీలు దగ్గరపడే కొద్దీ ఆ పాళ్లు తలకిందులవుతాయి. ఈ దారి మీద తిరుగుబాటు కయాకింగ్‌లోంచే పుట్టడం విశేషం. 1980లలో సోవియట్ కయాక్, కనూ జట్టుకు శాస్త్ర సలహాదారుగా పనిచేసిన వ్లదిమిర్ ఇసూరిన్ మరోలా ఆలోచించాడు. అన్నీ ఒకేసారి పెంచబోతే మేటి ఆటగాడికి ఏదీ సరిగా పెరగదని, కొద్ది వారాల పాటు ఒకటి రెండు గుణాల మీదే గట్టిగా పనిచేసి తర్వాత మరోదానికి మారాలని వాదించాడు. దీన్నే బ్లాక్ పద్ధతి అంటున్నారు.

ఆ పద్ధతికి ప్రాణం లాంటిది ఇసూరిన్ ఇచ్చిన ఒక చిన్న పట్టిక. ఒక గుణాన్ని పెంచే సాధన ఆపేశాక దాని ఫలితం ఎన్నాళ్లు నిలుస్తుందో అందులో ఉంటుంది. ఆక్సిజన్ మీద నడిచే ఓర్పు, గరిష్ఠ బలం దాదాపు 30 రోజులు నిలుస్తాయి. బలాన్ని ఎక్కువసేపు నిలబెట్టే శక్తి 15 రోజులు. గరిష్ఠ వేగం అయిదు రోజులకే జారిపోవడం మొదలవుతుంది. ఇందులోంచి వచ్చే ఆచరణ సులువు: త్వరగా పోయేదాన్ని చివర్లో సంపాదించాలి, నిలిచేదాన్ని ముందు సంపాదించాలి. నవంబరులో వేగం కోసం గుండెలు బాదుకునే కోచ్ ఈ పట్టికను గోడకు అంటించుకోవాలి.

బ్లాక్ పద్ధతికి బలమైన సాక్ష్యం కూడా గార్సియా-పల్లారెస్ బృందం నుంచే వచ్చింది. పదిమంది ప్రపంచ స్థాయి కయాకర్లు ఒక ఏడాది 22 వారాల సంప్రదాయ పద్ధతిలో, మరుసటి ఏడాది 12 వారాల బ్లాక్ పద్ధతిలో సాధన చేశారు. గరిష్ఠ ఆక్సిజన్ వినియోగం రెండిటిలోనూ ఒకేలా పెరిగింది. బ్లాక్ పద్ధతిలో ఓర్పు సాధన పరిమాణం సగమే అయినా తెడ్డు శక్తి, వేగం ఎక్కువగా మెరుగయ్యాయి. ఈ ఫలితం వెలువడ్డాక బ్లాక్ పద్ధతే పరిష్కారమని చాలామంది ప్రకటించేశారు.

నేను అంత తొందరపడలేను. ఆ పదిమందీ మొదటి ఏడాది పాత పద్ధతిలో సాధన చేశాకే రెండో ఏడాది కొత్త పద్ధతిలోకి వెళ్లారు. మొదటి ఏడాది కట్టిన పునాది రెండో ఏడాది ఫలితంలో ఎంత ఉందో విడదీయలేం. వాళ్లందరూ పూర్తిగా ఎదిగిన మేటి ఆటగాళ్లు. పదహారేళ్ల పిల్లకి పన్నెండు వారాల కుదింపు సరిపోతుందని ఆ అధ్యయనం ఎక్కడా చెప్పలేదు. ఎదిగే వయసులో పిల్లలకు ఏ సాధన ఇచ్చినా పెరుగుతారు, కాబట్టి వాళ్లకి విడివిడి బ్లాకుల అవసరం తక్కువ. వాళ్లకి కావలసింది పడవలో గడిపే గంటలు, సరైన తెడ్డు కదలిక, ఓపికగా వేసే దూరాలు. బ్లాక్ పద్ధతి పైమెట్టు మీద ఉన్నవాళ్లది. కింది మెట్ల మీద ఉన్నవాళ్లకు పాత పద్ధతే మేలు.

జిమ్ ప్రశ్న మీద కూడా తీర్పులు మెల్లగా కుదురుకుంటున్నాయి. యూరప్ క్లబ్బుల్లో చలికాలపు బరువుల సాధనకు మూడు స్తంభాలున్నాయి: బెంచ్ ప్రెస్, బల్ల మీద బోర్లా పడుకుని బరువును పైకి లాగే బెంచ్ పుల్, పుల్-అప్స్. బలం పెరిగిన కొద్దీ పడవ వేగం పెరగడం పరిశోధనల్లోనూ కనిపించింది. ఎలాంటి బరువులు అన్న చోట మాత్రం 2003లో న్యూజిలాండ్‌లో లియో, హాప్‌కిన్స్ చేసిన పని దారి చూపింది. 38 మంది అనుభవం ఉన్న కయాకర్లలో కొందరు ఆరు వారాలు బరువుల్ని నెమ్మదిగా ఎత్తారు, కొందరు ఒక్కుదుటున విసురుగా ఎత్తారు. పందెం మొదట్లో పడవను కదిలించి వేగం అందుకునే దశకు నెమ్మది సాధన మేలు చేసింది. అందుకున్న వేగాన్ని నిలబెట్టుకునే దశకు విసురు సాధన పనికొచ్చే సూచన కనిపించింది. చలికాలం తొలి సగంలో భారీ బరువులు నెమ్మదిగా, తర్వాత తేలిక బరువులు వేగంగా అన్న వరస ఇక్కడినుంచే సమర్థన పొందుతోంది. ఆ వరస నాకు సరైనదిగానే తోస్తుంది. కానీ బెంచ్ ప్రెస్ అంకె పెరగడమే లక్ష్యమైపోయిన చోట పడవ బరువెక్కుతుంది. పెరిగిన ప్రతి కిలోతో పడవ నీళ్లలోకి ఇంకాస్త దిగుతుంది. ఒంటరి కయాక్‌కి నిబంధనల ప్రకారం ఉండాల్సిన కనీస బరువు 12 కిలోలే. మిగతా భారమంతా మనిషిదే.

కాళ్ల గురించి మాత్రం ఇంకా సరిగా చెప్పుకోవడం లేదు. కూర్చుని ఆడే ఆటలో కాళ్లెందుకని పాత తరం కోచ్‌లు వాటిని వదిలేశారు. స్వీడన్‌లో నిల్సన్, రోస్‌డాల్ 2016లో మేటి కయాకర్ల కాళ్లను కదలకుండా కట్టి తెడ్డు వేయించారు. పడవ వేగం 16 శాతం పడిపోయింది, తెడ్డు మీద పడే బలం ఇంకా ఎక్కువ పడిపోయింది. కయాకర్ కుడివైపు తెడ్డు వేసేటప్పుడు కుడికాలితో పాదాల పలకను నెడతాడు. ఆ నెట్టుడు నడుము తిప్పుతుంది, నడుము వీపును తిప్పుతుంది, చెయ్యి ఆ బలాన్ని నీటికి అందించే చివరి లంకె మాత్రమే. పదహారు శాతం వేగం కాళ్లలోంచి వస్తుంటే చలికాలపు పట్టికలో స్క్వాట్లకు, నడుము తిప్పే వ్యాయామాలకు చోటు లేకపోవడం క్షమించరాని లోపం.

యూరప్‌లో ఆఫ్ సీజన్‌ని పుట్టించింది మంచు. హంగేరీ, పోలండ్, జర్మనీ, నార్డిక్ దేశాల్లో సరస్సులు గడ్డకట్టాక పడవ బయటికి తీయలేరు. అప్పుడు నేల మీదే తెడ్డు సాధన చేయించే యంత్రాలైన ఎర్గోమీటర్లు, హంగేరీ క్లబ్బుల్లోలా ఇండోర్ సాధన కొలనులు, నార్వేలో స్కీయింగ్ అక్కరకొస్తాయి. నార్వే ఆటగాడు ఐరిక్ వెరాస్ లార్సెన్ 2004లోనూ, మళ్లీ 2012లో ముప్పయ్యారేళ్ల వయసులోనూ కె-1 వెయ్యి మీటర్లలో ఒలింపిక్ స్వర్ణం గెలిచాడు. మంచు మీద రెండు కర్రలతో ఒకేసారి నెట్టుకుంటూ సాగే స్కీయింగ్ భుజాలకు, పొట్ట కండరాలకు ఇచ్చే దమ్ము కయాకర్‌కి నేరుగా అక్కరకొస్తుంది. డబ్బున్న జట్లు మాత్రం జనవరి రాగానే స్పెయిన్, పోర్చుగల్ నీళ్ల మీదికి వెళ్లిపోతాయి. ధనిక జట్టుకీ పేద జట్టుకీ మధ్య దూరం పెరిగేది నిజానికి ఈ జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే.

ఎర్గోమీటర్ గురించి రెండు మాటలు. గుండె, ఊపిరి, రక్తంలో లాక్టేట్ వరకూ అది నీటి మీది సాధనకు దగ్గరగానే ఉంటుందని కొలతలు చెబుతున్నాయి. కదలిక దగ్గర తేడా వస్తుంది. ఐర్లండ్ పరిశోధకులు 2012లో కండరాల విద్యుత్ సంకేతాలు కొలిచి చూశారు. ఎర్గో తాడు వెనక్కి లాగే బలం వల్ల భుజం ముందు కండరం నీటి మీదకన్నా ఎక్కువ శ్రమపడుతోంది. పడవను నిలకడగా ఉంచే పనీ, తెడ్డు రెక్క నీళ్లను పట్టుకునే స్పర్శా అక్కడ లేవు. నెలల తరబడి ఎర్గో మీదే బతికిన ఆటగాడు మార్చిలో పడవెక్కి రెండు మూడు వారాలు తడబడతాడు. భుజం నొప్పితో వచ్చినా ఆశ్చర్యం లేదు. ఎర్గో నీటికి బదులు మాత్రమే. నీరు దొరికే చోట దాన్ని వానాకాలానికీ, పరీక్షలకూ పరిమితం చేయాలి.

చల్లటి నీటి ప్రమాదాన్ని శిక్షణ పుస్తకాలు ఒక వాక్యంలో దాటేస్తాయి. పదిహేను డిగ్రీల లోపు నీళ్లలో హఠాత్తుగా పడితే మొదటి నిమిషంలోనే ఊపిరి అదుపు తప్పుతుంది. తల నీళ్లలో ఉండగా ఒక్క పెద్ద ఊపిరి తీస్తే చాలు. ఎంత ఈత వచ్చినా తర్వాతి నిమిషాల్లో చేతులు మొద్దుబారతాయి. లైఫ్ జాకెట్, వెంట కోచ్ పడవ, ఒడ్డుకు దగ్గరి దారి లేకుండా చలికాలంలో ఏ పిల్లవాణ్ణీ ఒంటరిగా నీళ్లలోకి పంపకూడదు.

మంచు లేని దేశాల్లో ఆఫ్ సీజన్ దానంతటది రాదు, మనమే ఏర్పరచుకోవాలి. న్యూజిలాండ్ అమ్మాయి లీసా కారింగ్టన్ దీనికి గొప్ప ఉదాహరణ. 2012 నుంచి 2024 దాకా నాలుగు ఒలింపిక్స్‌లో ఎనిమిది స్వర్ణాలు గెలిచింది. కోచ్ గోర్డన్ వాకర్ దగ్గర, ఆక్లండ్‌లోని పుపుకే సరస్సు మీద సాధన చేసింది. యూరప్‌లో గడ్డకట్టే నెలల్లో అక్కడ నడి వేసవి. ఆమె సాధనను ఆపే వాతావరణం ఏదీ లేదు. అయినా దూరాలు, బరువులు, వేగం ఒకదాని తర్వాత ఒకటి పద్ధతిగా పెరగాలంటే వాటిని పేర్చేది కోచ్ తలే.

మనదీ ఇదే పరిస్థితి. భోపాల్ పెద్ద చెరువు మీదగానీ, అలప్పుళ కేంద్రంలోగానీ నీళ్లు గడ్డకట్టవు. అందువల్ల మన పిల్లలు ఏడాది పొడవునా ఒకే తీరుగా తెడ్డు వేస్తూ, సెలెక్షన్ కబురు వచ్చినప్పుడల్లా ఒక్కసారిగా తీవ్రత పెంచుతుంటారు. పునాది నెలలంటూ వేరుగా మిగలవు. మనకి అడ్డొచ్చేవి ఎండ, వరద. మే నెల ఎండలో మధ్యాహ్నం సాధన ప్రమాదం. జూలై నుంచి సెప్టెంబరు దాకా కృష్ణలో, గోదావరిలో వరద నీరు, కొట్టుకొచ్చే దుంగలు. తెలుగు నేల మీద తెడ్డు పట్టేవాళ్లకు జిమ్, పరుగు, ఎర్గో కాలం ఈ వరద నెలలే కావాలి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా చల్లటి, నిలకడైన నీళ్లు దొరుకుతాయి. యూరప్ పట్టికను నెలల పేర్లతో సహా ఎత్తి పెట్టుకుంటే, దూరాలు వేయడానికి మేలైన ఆ నెలల్ని మనం జిమ్‌లో పోగొట్టుకుంటాం.

మన దగ్గర సత్తా లేదనడానికి వీల్లేదు. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో అర్జున్ సింగ్, సునీల్ సింగ్ సలాం ఇద్దరు నడిపే కనూ (సి-2) వెయ్యి మీటర్లలో కాంస్యం తెచ్చారు. 1994 హిరోషిమా తర్వాత ఈ ఆటలో మనకి దక్కిన మొదటి ఆసియా క్రీడల పతకం అది. అదే నగరంలో జరిగిన పారా ఆసియా క్రీడల్లో ప్రాచీ యాదవ్ స్వర్ణం, రజతం రెండూ గెలిచింది. ఇరవై తొమ్మిదేళ్ల ఎడం రావడానికి చాలా కారణాలు ఉండొచ్చు. పోటీకి ముందు శిబిరాలకు డబ్బు ఇచ్చి, పోటీలు లేని నెలల్ని గాలికి వదిలేయడం వాటిలో పెద్దదని నేను నమ్ముతున్నాను.

అందుకే అకాడమీలు నడిపేవాళ్లకు, జిల్లా స్థాయి కోచ్‌లకు నా విన్నపం. సీజన్ అయిపోగానే పిల్లల్ని ఇళ్లకు పంపండి, పంపేటప్పుడు వారానికి మూడు పూటల సాధన కాగితం మీద రాసి ఇవ్వండి. తిరిగి వచ్చిన మొదటి వారంలో వెయ్యి మీటర్ల సమయం, పుల్-అప్స్, బెంచ్ పుల్ కొలిచి రాసుకోండి. అవే కొలతలు అయిదు నెలల తర్వాత మళ్లీ తీయండి. శిబిరానికి కేటాయించే డబ్బులో కొంత తీసి వరద నెలల కోసం రెండు ఎర్గోమీటర్లు, మంచి నీటి నెలల కోసం ఒక కోచ్ పడవ కొనండి.